ట్యాంకు నిండితే ఆగే బండి

తమ్ముళ్లూ, మీరిప్పుడు బండికి ఒక వైరు తగిలించి, చిన్న తెర మీద రోగం పేరు చదివేస్తున్నారు. మంచిదే. మా కాలంలో ఆ తెర మా మొహమే. మేం ఏది చెబితే అదే రోగం. మాకు దొరకనిది ఏదైనా ఉంటే అది రోగమే కాదు, డ్రైవర్ చేసిన తప్పు. ఈ సూత్రం మీద నేను ముప్ఫై ఏళ్లు గౌరవంగా బతికాను. ఒక్కసారి మాత్రం గౌరవం పోవలసింది, పోలేదు. ఆ సంగతే చెబుతాను.

నేను జనగామలో ప్రభుత్వ బండ్లు బాగు చేసే వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా పనిచేశాను. బయటివాళ్లకు అదొక రేకుల షెడ్డు. డ్రైవర్లకు మాత్రం అది కోర్టు, నేను జడ్జిని. దారిలో బండి ఆగితే, తప్పు బండిదా, నడిపేవాడిదా అని తేల్చే కాగితం మీద సంతకం నాది. 'లోపం లేదు' అని నేను రెండు ముక్కలు రాశానంటే, లోపం డ్రైవర్‌లో ఉన్నట్టే లెక్క. ఎంత చిన్న వాక్యమో చూడండి. అది రాయడానికి ఎక్కువ ఆలోచించాల్సిన పని కూడా లేదు.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం జనం రోడ్డెక్కిన రోజులు. ఇవాళ రాస్తారోకో, రేపు వంటావార్పు, ఎల్లుండి బంద్. చౌరస్తాలో పొయ్యి పెట్టి వండిన అన్నం నేనూ తిన్నాను. పప్పులో ఉప్పు ఎక్కువైనా, ఉద్యమం కదా అని ఇంకో గరిటె వేయించుకున్నాను. మైకు దొరికితే నేను చెప్పే మాట ఒక్కటే. సినిమాల్లో మన మాటను జోకర్లకూ రౌడీలకూ పెట్టి, ఇన్నేళ్లు మనల్ని చూసి నవ్వారు, ఇక నవ్వనివ్వం. ఆ మాట చెబుతుంటే నా గొంతు వణికేది. నిజంగానే వణికేది, నటన కాదు.

బంద్ అంటే పెట్రోల్ బంకు కూడా బంద్. అందుకని ముందు రోజే బంకుల దగ్గర బారులు. ట్యాంకు నిండిందని పైపు తనంతట తానే టక్కుమని ఆగినా మనం ఒప్పుకుంటామా? బండిని అటూ ఇటూ ఊపి, లోపలి గాలి పోనిచ్చి, మళ్లీ కొంచెం పోయించి, మూత దగ్గర పెట్రోలు తళతళలాడేదాకా వదిలేవాళ్లం కాదు. మా షెడ్డు నోటీసు బోర్డు మీద ఎర్ర సిరాతో నేనే రాసి పెట్టాను: 'బంద్‌కు ముందు రోజు ప్రతి బండి ట్యాంకు మూత అంచు దాకా నింపవలెను.' కింద నా సంతకం. దాని నకళ్లు బండ్లున్న ప్రతి ఊరికీ పంపాను. సంతకాలకు నా దగ్గర కరువు లేదు.

మా దగ్గరికి వచ్చే బండ్లన్నీ డీజిల్‌వి. ఒక్కటి తప్ప. అది టీకాల బండి. వెనక డబ్బా కట్టిన పాత చిన్న ట్రక్కు, పెట్రోలుతో నడిచేది. మహబూబాబాద్‌లో, అంటే మా నోట మానుకోటలో ఉండేది. ఐసు పెట్టెల్లో టీకా మందు పెట్టుకుని గంగారం అడవి ఊళ్లకు పోయేది. రేగొండ, భూపాలపల్లి వైపు తిరిగే బండి మూలన పడితే అటు కూడా దీన్నే తరిమేవాళ్లు.

దాని డ్రైవర్ గార్ల దగ్గర తండా మనిషి. నలభై దాటాయి. తొమ్మిదేళ్ల నుంచి కాంట్రాక్టు మీద నడుపుతున్నాడు, తొమ్మిదేళ్ల నుంచి వచ్చే ఏడాది పర్మినెంట్ అవుతుందని అంటున్నాడు. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు. ఎంత పెద్దవాణ్ణయినా 'నువ్వు' అనేవాడు, అంతా అయ్యాక గౌరవంగా ఒక 'సారూ' తగిలించేవాడు. బండిని మాత్రం 'వాడు' అనేవాడు. అతను నోరు తెరిస్తే మా షెడ్డులో నట్లు బిగించే పానాలు కింద పెట్టి వినేవాళ్లం. ఎందుకంటే, నవ్వుకోవడానికి.

మొదటిసారి ఆ బండి ఒక బంద్ రోజు పొద్దున గంగారం దారిలో ఆగింది. అంబులెన్సులూ మందుల బండ్లూ వస్తే ఎవరూ అడ్డుకునేవాళ్లు కాదు. దీన్నీ ఎవరూ అడ్డుకోలేదు, అదే ఆగింది. ఎంత తిప్పినా స్టార్ట్ కాలేదు. నాలుగు రోజులకు నా దగ్గరికి వచ్చింది. వచ్చేటప్పుడు ఎవరూ లాక్కురాలేదు, తనంతట తానే గుర్రంలా వచ్చింది. నేను చుట్టూ తిరిగి, ప్లగ్గులు తుడిచి, రెండుసార్లు బజారు దాకా నడిపి చూశాను. ఎక్కడా తుమ్మలేదు, దగ్గలేదు.

"సారూ, నువ్వు జర ఇను," అన్నాడు డ్రైవర్. "కడుపు నిండ ఉంటె వాడు ఆగుతడు. సగం ఖాళీ అయితె మంచిగ ఉరుకుతడు."

"అట్లనా! కడుపు నిండితే నాకు గూడ నిద్రొస్తది," అన్నాను. "పెట్రోల్ లేక ఆగిన బండిని జూసిన గని, పెట్రోల్ ఎక్కువై ఆగిన బండిని నా జిందగీల జూడలే."

షెడ్డంతా ఘొల్లుమంది. అతను కూడా మాతో పాటు నవ్వాడు. లోపం లేదు, సంతకం.

రెండోసారి రేగొండ దాటాక ఆగింది. అదీ బంద్ రోజే. బండిలో ఉన్న టీకాల నర్సు ఐసు పెట్టెలను ఎవరిదో ఆటోలో వేసుకుని భూపాలపల్లి చేరేసరికి ఐసు నీళ్లయింది, మందు పారబోశారు. తండాల్లో తల్లులు పిల్లల్ని ఎత్తుకుని సాయంత్రం దాకా కూర్చుని తిరిగి వెళ్లారట. అప్పుడు నేను కొంచెం శ్రద్ధ పెట్టిన మాట నిజం. కార్బ్యురేటర్ విప్పి కడిగాను. పెట్రోల్ పంపు మార్చాను. అతను పక్కన నిలబడి మళ్లీ అదే పాట. "నిండ ఉంటెనే సారూ." నేను కార్బ్యురేటర్‌లోంచి తల ఎత్తకుండానే, "నీ పని నడుపుడు, నా పని జూసుడు," అన్నాను. లోపం లేదు, సంతకం.

మూడోసారి అది ఆగిన చోటు చూడండి. మానుకోటలో, సరిగ్గా నిరాహార దీక్ష శిబిరం ముందు. మైకులో పాట నడుస్తోంది, జనం కిటకిటలాడుతున్నారు, బంద్ రోజు, ప్రభుత్వ బండి వచ్చి శిబిరం ముందు నిలబడి ఇంజను ఆపేసింది. శిబిరంలో వాళ్లు ఏమనుకోవాలి? జై కొట్టుకుంటూ వచ్చి డ్రైవర్‌ను కిందికి దించారు. మెడలో దండ వేశారు. మర్నాడు పేపర్లో ఫొటో, 'బండి ఆపి మద్దతు తెలిపిన డ్రైవర్' అని. ఫొటోలో అతను రెండు చేతులూ జోడించి ఉన్నాడు. అది నమస్కారం కాదు తమ్ముళ్లూ. జర ఎనుక నుంచి నూకుండ్రి అని బతిమాలుకుంటున్నాడు.

ఆ పేపరు ఆఫీసరు బల్ల మీదికి చేరింది. ఆఫీసరు కూడా మన జిల్లా మనిషే. సాయంత్రం శిబిరంలో పిడికిలెత్తేవాడు, పొద్దున ఆఫీసులో ఆ చేత్తోనే మెమోలు రాసేవాడు. నాకు ఫోన్ చేశాడు.

"ఏందయ్యా, మూడుసార్లు ఆగిందట, మూడుసార్లు బంద్ నాడేనట. బండికి క్యాలెండరు చదవొస్తదా?"

"రాదు సార్."

"మరి డ్రైవర్‌కు వస్తది గద! నువ్వేమో రెండుసార్లు లోపం లేదని రాసినవ్. ఇంకొక్కసారి రాసియ్యి, వాని కాంట్రాక్టు క్యాన్సిల్ జేస్త. పైనుంచి అడుగుతున్నరు, నా మెడకు సుట్టుకునేటట్టుంది."

అతని వాదనలో లొసుగు నాకు కనబడలేదు. నిజానికి నాకూ అదే అనుమానం ఉంది. ఆపితే ఆపాడు, ఉద్యమం కోసమే కదా అని లోపల కొంచెం మెచ్చుకున్నాను కూడా. మెచ్చుకుంటూనే అతని నౌకరీ ఊడగొట్టే కాగితం రాయడానికి తయారయ్యాను. మనిషి ఒకేసారి రెండు పనులూ చేయగలడు, నేను చేశాను.

రెండు రోజులకు డ్రైవరే బండి తెచ్చాడు. చేతిలో ఆఫీసరు మెమో పెట్టి సీలు వేసిన కవరు. అందులో ఏముందో అతనికి తెలుసు. తన మెడ మీదికి వచ్చే కత్తిని తనే మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొహం పీక్కుపోయింది. ఆ రోజు ఎవరూ పానాలు కింద పెట్టలేదు.

"సారూ, తొమ్మిదేండ్లాయె. ఒక్కనాడు నాగా పెట్టలె," అన్నాడు. "వానలల్ల వాగు దాటిచ్చి మందు తీస్కపోయిన. గిప్పుడు నేను బండి ఆపిన్నంటున్రు. నువ్వు సంతకం పెట్టు, నేను వద్దనను. గని ఒక్కసారి వాని కడుపు నింపి నా పక్కన కూసో. అంతే అడుగుతున్న."

నేను గడియారం చూసుకున్నాను. పక్కనే మా ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, నాకంటే పెద్దవాడు, నన్ను భాయ్ అని పిలిచేవాడు. "పో భాయ్," అన్నాడు. "ఒక మనిషి రోటీ పోతాంది. నీకు పోయేది ఏముంది, ఒక్క గంట."

జనగామ బంకులో నేనే దగ్గరుండి నింపించాను. పైపు టక్కుమంది. "ఇంకా పట్టుతది, పొయ్యి," అన్నాను. బండిని ఊపాం. మూత అంచు దాకా వచ్చింది. పాలకుర్తి రోడ్డు పట్టాం. కాసేపు బాగానే నడిచింది. నేను కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ, తిరిగి వెళ్లాక రాయాల్సిన వాక్యం మనసులో అనుకుంటున్నాను. కొంత దూరం పోయేసరికి పెట్రోలు వాసన గుప్పుమంది. ఇంజను ఒకసారి ఎక్కిళ్లు పెట్టింది. ఇంకోసారి. మూడోసారికి ప్రాణం పోయింది. బండి దానంతట అదే జారుకుంటూ పోయి ఒక తుమ్మచెట్టు పక్కన ఆగింది.

డ్రైవర్ స్టీరింగ్ మీద రెండు చేతులూ ఎత్తి నాకు చూపించాడు, నేనేం ముట్టలే అన్నట్టు. నేను అతని మొహం చూడకుండా దిగి బానెట్ ఎత్తాను.

ప్లగ్గులు విప్పితే నల్లగా, తడిగా ఉన్నాయి. ఇంజను పెట్రోలు లేక చావలేదు, పెట్రోలులో మునిగి చచ్చింది. కార్బ్యురేటర్ నేనే కడిగాను, అది శుభ్రంగా ఉంది. మరి ఈ పెట్రోలు ఎటు నుంచి వచ్చింది? ఒక్కొక్క పైపూ పీకి చూస్తూ పోయాను. ఓ మూల నుంచి ఇంజనులోకి పోయే సన్న రబ్బరు పైపు ఒకటి ఉంది. దాంట్లో ఆవిరి తప్ప ఏమీ ఉండకూడదు. పీకితే నా అరచేతిలో పెట్రోలు బొట్లు పడ్డాయి. ఆ పైపు వెంట పోతే ఒక నల్ల డబ్బా దగ్గర తేలింది.

మీకు తెలియనిది కాదు గానీ, తెలియనివాళ్ల కోసం చెబుతాను. ట్యాంకులో పెట్రోలు ఎండకు ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలిలో కలవకుండా ఆ డబ్బాలోకి పోతుంది, లోపల బొగ్గు దాన్ని పీల్చి పట్టుకుంటుంది, ఇంజను నడిచేటప్పుడు కొంచెం కొంచెంగా లాక్కుని కాల్చేస్తుంది. ఆవిరి కోసం పెట్టిన ఇల్లు అది. ట్యాంకును మూత దాకా నింపితే ఆవిరికి చోటు ఉండదు, పెట్రోలే ఆ దారి పట్టి డబ్బాలోకి దిగుతుంది. ఇంజను రెండు వైపుల నుంచి పెట్రోలు తాగి ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. నాలుగు రోజులు గడిచి, ట్యాంకు తగ్గి, డబ్బా ఆరితే మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. అప్పుడే అది నా దగ్గరికి వచ్చేది. మా డీజిల్ బండ్లకు ఆ డబ్బానే ఉండదు కాబట్టి వాటికి ఏమీ కాలేదు. దీనికి ఉన్నదాన్ని నేను ఏనాడూ ముట్టుకోలేదు. పొల్యూషన్ వాళ్లను మురిపించడానికి కంపెనీవాడు తగిలించిన పనికిరాని డబ్బా అని కుర్ర మెకానిక్కులకు పాఠం కూడా చెప్పాను.

విప్పి చేత్తో పట్టుకుంటే నిండు చెంబంత బరువుంది. వంచితే పెట్రోలు కారింది. ఇంజను వైపు రంధ్రంలో తుమ్మపుల్ల చెక్కి కొట్టి, ప్లగ్గులు ఆరబెట్టి, తాళం తిప్పమన్నాను. కాసేపు ములిగి, నల్లటి పొగ వదిలి, అందుకుంది. డ్రైవర్ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. నాకు ఏం చేయాలో తోచక పానాలు లెక్కపెట్టుకున్నాను.

అంటే సంగతి ఇది. బంద్‌కు ముందు రోజు మూత అంచు దాకా నింపవలెను అని ఆజ్ఞ వేసింది ఎవరు? నేను. ఆ ఆజ్ఞను తొమ్మిదేళ్ల నమ్మకంతో అక్షరాలా పాటించింది ఎవరు? అతను. బండికి క్యాలెండరు చదవడం నేర్పింది నేనే. షెడ్డుకు తిరిగి రాగానే నేను చేసిన మొదటి పని నోటీసు బోర్డు మీది కాగితం చింపి జేబులో పెట్టుకోవడం. రెండో పని మొహం కడుక్కోవడం.

హనుమకొండ పాత సామాన్ల బజారులో అలాంటి డబ్బా వెతికి తెచ్చి బిగించాను. రబ్బరు పైపులు కొత్తవి వేశాను. ఆవిరిని వదిలే చిన్న వాల్వు నోటితో ఊది చూసి మార్చాను. పైపు టక్కుమనగానే ఆపాలి, ఆ పైన ఒక్క బొట్టు వద్దు అని డ్రైవర్‌కు చెప్పాను. అతను తల ఊపాడు. ఆ తర్వాత ఎన్ని బంద్‌లు వచ్చినా ఆ బండి ఆగలేదు.

ఇక రిపోర్టు. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఇంకేదీ రాయలేదు. 'సదరు వాహనమును నేను స్వయముగా పరీక్షించగా, ట్యాంకు మితిమీరి నింపబడుట వలన పెట్రోలు బొగ్గు డబ్బాలోనికి చేరి ఇంజను ఆగుచున్నదని తేలినది. డ్రైవరు తప్పిదము ఏమియు లేదు.' నింపబడుట అన్నాను. నింపమన్నది ఎవరో అందులో లేదు. తేలినది అన్నాను. తేల్చింది ఎవరో కూడా లేదు. ప్రభుత్వ తెలుగులో ఉన్న సుఖమే అది, ఎవరూ ఏమీ చేయకుండానే అన్నీ జరిగిపోతాయి.

ఎలక్ట్రీషియన్ చదివి నా వంక చూశాడు. "భాయ్, ఆయన మొదటినుంచి గిదే చెప్పిండు గద. ఆయన పేరు రాయవా?"

"రాస్తే ఎవడు నమ్ముతడు? డ్రైవర్ చెప్పిండంటే మళ్ల అనుమానమే," అన్నాను. ఇందులో కొంత నిజం కూడా ఉంది. అబద్ధాలకు కొంత నిజం కలిపితేనే నిలబడతాయి.

"మన మాటకు నవ్విన్రని మనం రోడ్డెక్కినం," అన్నాడతను. "ఆయన మాటకు ఎవలు నవ్విన్రు భాయ్?"

ఆ రోజు అతనితో కలిసి చాయ్ తాగలేదు. కానీ రిపోర్టు కూడా మార్చలేదు.

మెమో రద్దయింది. ఆఫీసరు నా రిపోర్టుకు మురిసిపోయి, దాన్ని సర్క్యులర్‌గా కొట్టించి అన్ని చోట్లకూ పంపాడు, 'మా ఫోర్‌మన్ స్వయంగా కనుగొన్న' అని పైన ఒక మాట చేర్చి. నాకు మెచ్చుకోలు పత్రం వచ్చింది. డ్రైవర్ మానుకోట నుంచి సీతాఫలాలు తెచ్చి ఇచ్చాడు. నౌకరీ నిలబెట్టినవ్ సారూ, నీ పేరు చెప్పుకుని బుక్కెడు తింట అన్నాడు. ఆ పండ్లు మా ఇంట్లో అందరూ తిన్నారు. నేనూ తిన్నాను.

ఏడాది తర్వాత ఒక పర్మినెంట్ డ్రైవర్ పోస్టు వచ్చింది. ఒక్కటే. సర్వీసు సమానంగా ఉన్నవాళ్లు ఇద్దరు, అందులో ఒకడు ఇతను. మంచి పేరు కాగితం ఏదైనా ఉంటే తెచ్చుకోమన్నారట. ఇంకొకతని దగ్గర ఎప్పుడో ఒక ఆఫీసరు రాసిచ్చిన ఉత్తరం ఉంది. ఇతని దగ్గర రద్దయిన మెమో ఉంది. మానుకోట గుమస్తా ఈ మాట నాకు చెప్పేటప్పటికి ఆర్డర్లు అయిపోయాయి. అవ్వకపోతే పరుగెత్తేవాణ్ణని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఏమో, పరుగెత్తేవాణ్ణో లేదో. ఆ రిపోర్టులో ఒక్క లైను, 'డ్రైవరు చెప్పిన దానిని బట్టి' అని నాలుగు మాటలు ఉంటే, ఆ కాగితమే అతనికి పోస్టు అయ్యేది.

రాష్ట్రం వచ్చింది. మన మాట సినిమాల్లో హీరోల నోటికి ఎక్కింది. నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభలో ఒకాయన నా గురించి చెబుతూ ఆ సర్క్యులర్‌ను మొత్తం చదివాడు, స్వయంగా కనుగొన్న అనే చోట గొంతు పెంచి మరీ. చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఆ డ్రైవర్ నిలబడి ఉన్నాడు, జుట్టు నెరిసింది, ఇంకా కాంట్రాక్టే. అందరికంటే ఎక్కువసేపు అతనే చప్పట్లు కొట్టాడు. వెటకారం అనుకుని అతని మొహం వెతికాను. లేదు. నా తల తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సభ అయ్యాక గేటు దగ్గర అతన్ని పట్టుకున్నాను. సిగ్గుతో మాట్లాడాల్సినవాణ్ణి, అలవాటు కొద్దీ గద్దించే మాట్లాడాను. "పోస్టు సంగతి ముందుగాల నాకొక్క మాట చెప్పొద్దా? ఆ బండి రోగం పట్టుకున్నది నువ్వని రాసియ్యమని అడిగితే నేను కాదంటనా?"

అతను చేతిలోని తాళం చెవి అటూ ఇటూ తిప్పాడు. మర్నాడు గంగారంలో టీకాలట, పోయి బండి కడగాలట.

"నేనేం జెప్పినా నువ్వు నవ్వుతవు గద సారూ," అన్నాడు.

కోపంగా అనలేదు. ట్యాంకు నిండితే ఆగుతడు అని చెప్పినప్పటిలాగే, ఉన్నది ఉన్నట్టు చెప్పి, బండి ఎక్కి వెళ్లిపోయాడు.